మెక్సికో జానపద కళావస్తువులు: చూడటం, కొనడం, దాచుకోవడం – అంచెలంచెలుగా

డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో సెలవులకు మెక్సికో వెళ్లొచ్చే తెలుగువాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? ఎంత పెట్టొచ్చు? ఆ గిన్నెలో తినొచ్చా? ఇంటికొచ్చాక చెక్క బొమ్మ నుంచి పొడి రాలుతోంది, ఏం చెయ్యాలి? వీటికి జవాబులు పని జరిగే వరసలోనే కింద ఇస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. వస్తువుతో పాటు దాని వివరం కూడా కొనాలి: ఏ ఊరు, ఎవరి చెయ్యి, ఏ పద్ధతి. ఈ మూడూ తెలియకపోతే ఎంత అందమైనదైనా అలంకరణ సామానే. తెలిస్తే చిన్న మట్టి ఈల కూడా సేకరణలో చేరుతుంది. కింది అంచెలన్నీ ఈ మూడు వివరాల కోసమే.

## 1. ముందు ఒక దారి పట్టుకోండి

మెక్సికోలో చేతిపని ఊరికి కట్టుబడి ఉంటుంది. ఒక ఊళ్లో నల్లమట్టి కుండలైతే, పక్క ఊళ్లో చెక్క బొమ్మలు, ఆ పైదానిలో నేత. అన్నీ తలా ఒకటి కొంటే ఇల్లు ఎయిర్‌పోర్టు దుకాణంలా తయారవుతుంది. మొదటి ఏడాది ఒక పదార్థం, ఒక ప్రాంతం చాలు.

ఎంచుకోవడానికి వీలుగా కొన్ని ఊళ్లు:

- వహాకా రాష్ట్రం: సాన్ బార్తోలో కొయోతెపెక్‌లో నల్లమట్టి, సాన్ మార్తీన్ తిల్కాహెతె, అర్రసోలాల్లో చెక్క బొమ్మలు, తెయోతిత్లాన్ దెల్ వాయెలో ఉన్ని తివాచీలు, ఒకోత్లాన్‌లో రంగు మట్టి బొమ్మలు.
- ప్వెబ్లా: తలవేరా పింగాణీ.
- మిచువాకాన్: సాంతా క్లారా దెల్ కోబ్రెలో రాగి, ఉరుఆపాన్‌లో లక్క పని.
- గెరెరో: ఒలినాలా లక్క పెట్టెలు.
- చివావా: మాతా ఒర్తీస్ పల్చటి మట్టి కుండలు.
- మెక్సికో రాష్ట్రం: మెతెపెక్ మట్టి 'జీవవృక్షాలు', తెనాన్సింగో రెబోసో శాలువాలు.
- చియాపస్: నడుముకు కట్టుకునే మగ్గం మీద నేసిన బట్టలు, అమతెనాంగో మట్టి పావురాలు.

కొత్తవాళ్లకు నేను వహాకా లోయే చెబుతాను. పైన చెప్పిన వహాకా ఊళ్లన్నీ ఆ రాష్ట్ర రాజధాని వహాకా నగరం నుంచి 40 కిలోమీటర్ల లోపే. మూడు నాలుగు రోజుల్లో మట్టి, చెక్క, ఉన్ని మూడూ తయారీ చోటే చూడొచ్చు. ఆ తర్వాత ఏది మీది అన్నది మీకే తెలుస్తుంది.

కొనే ముందు తేల్చుకోవలసినవి:

- పెట్టే చోటు ఎక్కడ? అల్మారా లోతు, ఎత్తు కొలిచి ఫోనులో రాసుకున్నారా?
- ఆ చోట ఎండ పడుతుందా? పడితే బట్ట, కాగితం వద్దు.
- ఇంట్లో పాకే పిల్లలున్నారా? ఉంటే మొదట బట్టతో మొదలుపెట్టండి.
- మొత్తం ఖర్చు ఎంత? అందులో సగం ఒక్క మంచి వస్తువుకు కేటాయించండి.

## 2. డబ్బు తియ్యకముందు కళ్లకు పని

మెక్సికో నగరంలో 2006లో తెరిచిన జానపద కళల మ్యూజియం ఉంది. ఒకప్పటి అగ్నిమాపక కేంద్రం భవనంలో పెట్టారు. సోమవారం మూసి ఉంటుంది. సాన్ బార్తోలో కొయోతెపెక్‌లో వహాకా రాష్ట్ర జానపద కళల మ్యూజియం ఉంది, ఊరి కొట్ల కంటే ముందు అక్కడికే వెళ్లండి. అమెరికాలో ఉంటే షికాగోలోని మెక్సికన్ ఆర్ట్ జాతీయ మ్యూజియానికి ప్రవేశం ఉచితం. టెక్సస్‌వాళ్లకు సాన్ ఆంటోనియో ఆర్ట్ మ్యూజియంలో రాక్‌ఫెల్లర్ కూడబెట్టిన మెక్సికో జానపద కళల సేకరణ అందుబాటులో ఉంది. న్యూ మెక్సికోలోని సాంతా ఫేలో అంతర్జాతీయ జానపద కళల మ్యూజియం ఉంది, ఏటా జులైలో అదే ఊళ్లో పెద్ద సంత కూడా జరుగుతుంది.

వెళ్లినప్పుడు గదులన్నీ చుట్టేయకండి. ఒక్క వస్తువు ముందు పది నిమిషాలు నిలబడండి. అంచు మందం అంతటా ఒకేలా ఉందా? ఒకే ఆకు పదిసార్లు గీసినప్పుడు ప్రతిసారీ కొద్దిగా మారుతోందా? అతుకు ఎక్కడ దాచారు? చేతి గీతలో ఉండే ఆ చిన్న తేడా కంటికి అలవాటైతే, అచ్చు వేసినదీ స్టెన్సిల్‌తో చేసినదీ సంతలో దూరం నుంచే తేలిపోతాయి.

తర్వాత ఫొనార్త్ దుకాణానికి వెళ్లండి. 1974లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ చేతిపనివారి నుంచి కొని అమ్ముతుంది. అక్కడ ధరలు రాసి ఉంటాయి. కొనకపోయినా ఫర్వాలేదు, మీ పదార్థంలో చిన్న, మధ్య, పెద్ద సైజుల ధరలు మూడూ రాసుకోండి. ఊళ్లో బేరానికి అదే మీ కొలబద్ద.

## 3. ప్రయాణం వరస

వహాకా లోయలో సంత రోజులు చూసుకుని బయలుదేరాలి. ఆదివారం త్లాకొలూలా, బుధవారం ఎత్లా, గురువారం సాచీలా, శుక్రవారం ఒకోత్లాన్.

శుక్రవారం పొద్దున్నే దక్షిణపు రోడ్డు పట్టుకుంటే సాన్ బార్తోలో, తిల్కాహెతె, ఒకోత్లాన్ ఒకే దారిలో వస్తాయి. ముందు చివరిదైన ఒకోత్లాన్ సంతకు వెళ్లి, తిరుగు దారిలో మిగతా ఊళ్లలో ఆగండి. బరువైన కుండలు చివర్లో కొన్నట్టవుతుంది. ఆదివారం తూర్పు వైపు తెయోతిత్లాన్, ఆ తర్వాత త్లాకొలూలా.

హాలిస్కో వైపు వెళ్లేవాళ్లకు తొనాలాలో గురు, ఆదివారాల్లో వీధి సంత ఉంటుంది. ఉరుఆపాన్‌లో ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారానికి పెద్ద చేతిపనుల సంత జరుగుతుంది. మిచువాకాన్ పని అంతా ఒకేచోట చూడాలంటే దానికి మించింది లేదు. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మృతుల పండుగకు వహాకా కిక్కిరిసిపోతుంది. చేసేవాళ్లతో తీరిగ్గా మాట్లాడాలంటే ఆ వారం వద్దు.

చాలా చోట్ల టాక్సీవాళ్లకూ గైడ్లకూ దుకాణాల నుంచి కమీషన్ అందుతుంది. అది మీ బిల్లులోంచే వస్తుంది. అందుకే ఊరి కూడలిలో దిగి, ఇళ్ల ముందు బోర్డులు చూసుకుంటూ నడవండి.

సంచిలో ఉండాల్సినవి:

- పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం
- టేపు
- తెల్లటి నూలు గుడ్డ ముక్క
- చిన్న పెసో నోట్లు
- పాత టీషర్టులు రెండు మూడు, ప్యాకింగుకు
- నోటు పుస్తకం, పెన్సిలు

నాలుకకు అలవాటు చేసుకోవలసిన స్పానిష్ ప్రశ్నలు:

- కియెన్ లో ఇసో? – ఎవరు చేశారు?
- కియెన్ లో పింతో? – రంగులు ఎవరు వేశారు?
- క్వాంతోస్ దియాస్ యేవా? – ఎన్ని రోజులు పడుతుంది?
- సిర్వె పారా కొమీదా? – తిండికి పనికొస్తుందా?
- మె లో ఫిర్మా? – సంతకం చేస్తారా?
- ప్వెదో తొమార్ ఉనా ఫోతో? – ఫొటో తీసుకోవచ్చా?

ఆఖరి ప్రశ్నకు 'నో' వస్తే ఫోను జేబులో పెట్టేయండి. చియాపస్‌లోని చాములా చర్చిలో అయితే ఫొటోలు నిషేధం, అడగడం కూడా అనవసరం.

## 4. చేతిలోకి తీసుకుని పరీక్షించడం

డబ్బు నిలబడేదీ పోయేదీ ఇక్కడే. మొదట ఎవరినైనా అడిగి, రెండు చేతులతో, బల్ల మీదకు వంగి పట్టుకోండి. పిడి దగ్గరో చెవి దగ్గరో పట్టుకుని ఎత్తకండి.

### 4.1 నల్లమట్టి

సాన్ బార్తోలో కుండల మెరుపు రంగు వెయ్యడం వల్ల వచ్చింది కాదు. మట్టి దాదాపు ఆరాక క్వార్ట్జ్ రాయితో రుద్ది, పొగ బయటికి పోకుండా ఆవం మూసి కాలుస్తారు. ఆ మెరుపు పద్ధతిని 1950ల్లో ఊరికి అలవాటు చేసింది దోన్యా రోసాగా పేరుపడ్డ కుమ్మరి. కాబట్టి అడుగు తిరగేసి, మెరుపు లేని చోట కూడా నలుపే ఉందేమో చూడండి. తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే నల్లరంగు అంటకూడదు. వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే రాయి నడిచిన సన్నటి చారలు కనిపిస్తాయి.

మెరిసే కుండ నీళ్లు పట్టదు. అందులో నీళ్లు పోసి పూలు పెడితే టేబులు తడుస్తుంది, మెరుపు పోతుంది. ఎండు పూలు పెట్టండి, లేదా లోపల గాజు గ్లాసు ఉంచండి. ఇంకా వేడి మీద కాల్చిన, మెరుపు లేని బూడిద రంగు కుండలు గట్టివి, కొడితే ఖంగుమంటాయి. పాతకాలంలో మెస్కాల్ సారా మోసింది వాటిలోనే. అందరూ మెరిసేవాటి వెంట పడతారు గానీ, నాకు ఈ బూడిద రంగువే ఎక్కువ ఇష్టం.

### 4.2 తలవేరా

తలవేరా పేరుకు చట్టరక్షణ ఉంది, ప్వెబ్లా, త్లాస్కాలాల్లోని నిర్దేశిత ప్రాంతాల్లో ధ్రువీకరణ పొందిన కార్ఖానాలకే ఆ పేరు వాడే హక్కు. 2019లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. వీధిలో అమ్మే చవక పళ్లేలను 'తలవేరా తరహా' అనాలి. అవి కొనడం తప్పు కాదు, అసలుదాని ధర పెట్టడం తప్పు.

- అడుగున కార్ఖానా గుర్తు, చిత్రకారుల పొడి అక్షరాలు ఉన్నాయా?
- నేలకు తగిలే వలయంలో పూత లేని మట్టి రంగు కనిపిస్తోందా?
- తెలుపు మీగడలా ఉందా? కాగితంలా తెల్లగా ఉంటే అనుమానించండి.
- రంగు గీతలు వేలికి కాస్త ఎత్తుగా తగులుతున్నాయా?
- సంప్రదాయపు రంగులు నీలం, నలుపు, పసుపు, ఆకుపచ్చ, నారింజ, లేత ఊదా. గులాబీ కనిపిస్తే అది వేరే సరుకు.

పూతలో సన్నటి వెంట్రుక పగుళ్లు సహజం. మట్టిలోకి దిగిన పగులు వేరు, దాన్ని వేలి కణుపుతో తట్టి చూస్తే చప్పుడు మొద్దుబారి ఉంటుంది.

### 4.3 తినే పాత్రలు: సీసం సంగతి

ఈ భాగం దాటేయకండి. తక్కువ వేడిలో కాల్చే మెక్సికో పాత్రలకు మెరుపు కోసం సీసం కలిసిన పూత వేసే అలవాటు ఉంది, అక్కడ దాన్ని గ్రెతా అంటారు. పులుపు, వేడి తగిలితే సీసం తిండిలోకి దిగుతుంది. మన వంటలో చింతపండు, నిమ్మకాయ, టమాటా లేనిదెప్పుడు? అలాంటి గిన్నెలో పులుసు పోసి ఉంచడం పిల్లలున్న ఇంట్లో అసలు పనికిరాదు.

'లీబ్రె దె ప్లోమో' అంటే సీసం లేనిది. ఆ చీటీ ఒక్కటీ చాలదు. సీసం లేదని చెప్పి అమ్మిన కొన్ని మెక్సికో పాత్రల్లో కూడా సీసం దొరికిందని 2010లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇంట్లో గీసి చూసే పరీక్ష పుల్లలు సీసం ఉంటే కొన్నిసార్లు పట్టిస్తాయి గానీ, లేదని హామీ ఇవ్వవు. ల్యాబ్ కాగితం చూపించే కార్ఖానా సరుకైతే తప్ప, మెరుపు పూత ఉన్న ప్రతి పాత్రనూ గోడకే పరిమితం చెయ్యండి. వహాకా నగరం పక్కనున్న అత్సోంపా ఊరి ఆకుపచ్చ గిన్నెలు చూడ్డానికి ఎంత బాగున్నా ఇదే నియమం.

### 4.4 చెక్క బొమ్మలు

అలెబ్రిహె అన్న పేరుతో రెండు రకాలు దొరుకుతాయి. మెక్సికో నగరంలో పెద్రో లినారెస్ కుటుంబం మొదలుపెట్టినవి కాగితపు గుజ్జువి. వహాకావి కోపల్ చెక్కతో చెక్కినవి. ధర, బరువు, జాగ్రత్త అన్నీ వేరు కాబట్టి ఏది కొంటున్నారో ముందు తేల్చుకోండి.

కోపల్‌ను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కుతారు, అప్పుడు మెత్తగా ఉంటుంది. తర్వాత నెలల తరబడి ఆరాలి. తొందరపడి రంగు వేస్తే ఇంటికొచ్చాక బీటలు వారుతుంది. అందుకే:

- బరువు చూడండి. ఆరిన కోపల్ తేలిక. సైజుకు మించి బరువుంటే ఇంకా తడి ఉన్నట్టే.
- తెల్లకాగితం మీద పెట్టి మెల్లగా తట్టండి. సన్నటి పొడి రాలినా, గుండుసూది తల కంటే చిన్న చిల్లులు కనిపించినా పుచ్చు పట్టినట్టు.
- చెవులు, కొమ్ములు, తోక ఊడదీసి పెట్టే రకమైతే ఒక్కోటీ తీసి పెట్టి చూడండి. వదులుగా ఉండకూడదు, తిరగరాదు.
- భూతద్దంతో చుక్కలు చూడండి. పక్కనే ఉన్న చుక్కలు సైజులో కొద్దిగా తేడాగా, అంచు శుభ్రంగా ఉంటే నేర్పున్న చెయ్యి.
- కడుపు కింద, కాళ్ల లోపలి వైపు కూడా అంతే శ్రద్ధగా రంగు వేశారా? పనితనం అక్కడే బయటపడుతుంది.

ఇంకొకటి. చాలా ఇళ్లలో మగవాళ్లు చెక్కుతారు, ఆడవాళ్లు రంగులు వేస్తారు, అడుగున సంతకం మాత్రం చెక్కినవారిదే ఉంటుంది. 'కియెన్ లో పింతో' అని అడిగి రెండో పేరు కూడా రాయించుకోండి. వివరం పూర్తవుతుంది, ఆ ఇంట్లో మీ మీద గౌరవమూ పెరుగుతుంది.

### 4.5 నేత

ఈ విషయంలో తెలుగువాళ్లకు సగం చదువు ముందే ఉంది. రెబోసో అనే పొడవాటి శాలువాను పోచంపల్లి పద్ధతిలోనే చేస్తారు: నూలును కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. తెనాన్సింగోలోనూ, సాన్ లూయిస్ పొతోసి రాష్ట్రంలోని సాంతా మరీయా దెల్ రీయోలోనూ ఈ నేత ఉంది. పోచంపల్లి చీరను చూసే కంటితోనే చూడండి. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుండాలి, తిరగేస్తే రంగు అంతే చిక్కగా ఉండాలి. వెనక వెలిసినట్టుంటే అచ్చు గుడ్డ. కొసల కుచ్చులు వేరే ఆడవాళ్లు చేత్తో ముడులు వేస్తారు. నేతకు ధర కట్టి ఆ ముడులను మరిచిపోకండి, మంచి కుచ్చుకు నేతకన్నా ఎక్కువ రోజులు పడుతుంది.

తెయోతిత్లాన్ తివాచీ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అంచులు తిన్నగా ఉన్నాయో లేదో నేల మీద పరిచి చూడండి. అది ఉన్నియా, యాక్రిలిక్కా తెలియాలంటే దుకాణదారుణ్ణే ఒక తెగిన పోగు ఇమ్మని, బయట కాల్చండి. ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి, నలిపితే పొడవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది.

రంగుల ప్రదర్శన అందరూ చూపిస్తారు: కాక్టస్ మీద బతికే కోచినీల్ పురుగును అరచేతిలో నలిపి, నిమ్మరసం పిండితే ఎరుపు నారింజకు తిరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది, కానీ మీ ముందున్న తివాచీలో ఆ రంగే ఉందని అది రుజువు చెయ్యదు. 'ఈ తివాచీలో ఏ రంగు దేనితో వచ్చింది' అని ఒక్కో రంగు మీద వేలు పెట్టి అడగండి. నీలానికి నీలిమందు, ఎరుపుకు కోచినీల్ అని తడుముకోకుండా చెబుతూ, ఫలానాది రసాయనం అని కూడా ఒప్పుకునేవాళ్ల దగ్గర కొనండి. తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి.

చియాపస్, వహాకాల్లో ఆడవాళ్లు వేసుకునే వీపీల్ అనే వదులు పైవస్త్రం నడుము మగ్గం మీద నేసినదైతే, ఒక్కో పట్టీకి కత్తిరించిన అంచు ఉండదు, నాలుగు వైపులా నేత అంచే. రెండు మూడు పట్టీలు కలిపి కుట్టిన అతుకులు కనిపిస్తాయి. మీటర్ల గుడ్డ కత్తిరించి కుట్టినదానికి ఆ అంచులు ఉండవు.

### 4.6 మిగతావి, క్లుప్తంగా

- విషారిక పూసల పని: హాలిస్కో, నయరీత్ కొండల్లోని ఆ జనం తేనెమైనం మీద పూసల్ని ఒక్కొక్కటిగా నొక్కుతారు. వరసలు బిగువుగా, పూసల రంధ్రాలు పైకి చూస్తూ ఉండాలి. జిగురు మెరుస్తూ కనిపిస్తే వద్దు.
- ఒలినాలా పెట్టెలు: లినాలోయె చెక్కకు సహజమైన సువాసన ఉంటుంది. పై లక్క పొరను గీకి కింది రంగు బయటపెట్టే పనిలో బొమ్మ వేలికి తగలాలి. వాసన మూత తెరవగానే గుప్పుమని, చెక్క మాత్రం జిడ్డుగా ఉంటే నూనె పూసి ఉంటారు.
- రాగి: సాంతా క్లారాలో ఒకే ముద్దను సుత్తితో సాగదీసి పాత్ర చేస్తారు. అతుకు ఉండదు, అంచు మందంగా ఉంటుంది. వంటకు వాడాలంటే లోపల కళాయి ఉండాల్సిందే.
- మాతా ఒర్తీస్: సారె లేకుండా చేత్తో ఎత్తిన పల్చటి గోడలు, అడుగున సంతకం. హువాన్ కెసాదా మొదలుపెట్టిన ఈ కుండలూ నీళ్లకు పనికిరావు.
- ఆమాతె బెరడు కాగితం: చెయ్యి ఎక్కువ తగలనివ్వకండి, లామినేషన్ అసలే వద్దు.

## 5. ధర మాట్లాడటం

ఇంటి కార్ఖానాలో గీచి గీచి బేరమాడకండి. ఎన్ని రోజుల పని అని అడిగి, ధరను ఆ రోజులతో భాగించండి. రోజు కూలి చాలా తక్కువ వస్తే రెండే అర్థాలు: రోజులు పెంచి చెప్పారు, లేదా చేసినవారు వేరే ఎవరో. మరీ ఎక్కువ వచ్చి, పేరున్న కళాకారుడి సంతకం లేకపోతే మీ దగ్గరున్న ఫొనార్త్ ధరలు చూసుకోండి.

రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుంటూ 'మొత్తానికి ఎంత' అని అడగడం మర్యాదైన దారి. సంతలో కాస్త తగ్గించమనొచ్చు. తగ్గించి ఇచ్చాక కొనకుండా వెళ్లిపోవడం అక్కడా మన దగ్గరలాగే తిట్టు తెస్తుంది.

ఆర్డరు ఇచ్చేటప్పుడు కొంత అడ్వాన్సు అడుగుతారు. సైజు, రంగులు, గడువు, రవాణా ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాయించి ఫొటో తీసుకోండి. గడువుకు రెండు నెలలు కలిపి మీ లెక్కలో వేసుకోండి.

## 6. చెయ్యి పెట్టకూడనివి

- "తవ్వకాల్లో దొరికింది" అంటూ గుడుల శిథిలాల దగ్గర చెవిలో చెప్పి చూపించే బొమ్మ. 1972 చట్టం ప్రకారం ప్రాచీన వస్తువులన్నీ మెక్సికో దేశపు ఆస్తి. అది నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలుదైతే మీరు నేరంలో ఇరుక్కుంటారు.
- తాబేటి చిప్ప, నల్ల పగడం, అడవి పక్షుల ఈకలు, చిరుత తోలు ఉన్నవి.
- "నాట్యంలో వాడిన పాత ముసుగు" అని అమ్మేవి, లోపల ఆధారాలు లేకపోతే. వాడిన ముసుగు లోపల నుదురు, ముక్కు తగిలే చోట నున్నగా, చెమటకు నల్లబడి ఉంటుంది. పొగబెట్టి పాతగా చేసినదానికి నలుపు అంతటా ఒకేలా ఉంటుంది.
- పూజకు, మొక్కుకు చేసినవి. అడిగి, అమ్మడానికే చేశారని తెలిశాకే.

బొటీక్ నడిపేవాళ్లకు ఒక మాట. ఆ ఎంబ్రాయిడరీని ఫొటో తీసి ఇక్కడ బ్లౌజుల మీద ప్రింట్ వేయిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. స్థానిక జనసమూహాల సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే చట్టం మెక్సికోలో 2022 జనవరిలో వచ్చింది. అనుమతి లేకుండా వ్యాపారానికి వాడటం ఆ చట్టం పరిధిలోకి వస్తుంది.

## 7. అదే రోజు రాసుకోండి

రాత్రి హోటల్లో కూర్చుని రాయండి. వారం తర్వాత మూడు కుండలూ ఒకేలా కనిపిస్తాయి.

- వరస సంఖ్య, తేదీ
- చేసినవారి పేరు, రంగు వేసినవారి పేరు, ఊరు
- పదార్థం, పద్ధతి, ఎన్ని రోజుల పని
- ధర, రశీదు ఫొటో
- కొలతలు
- ముందు, వెనక, అడుగు, సంతకం: నాలుగు ఫొటోలు, పక్కన టేపు కనిపించేలా
- అప్పటికే ఉన్న లోపాలు

వస్తువు మీద సెల్లోటేపు అంటించకండి, లాగితే రంగు వస్తుంది. సంఖ్యను చిన్న కాగితపు చీటీ మీద పెన్సిలుతో రాసి నూలుదారంతో కట్టండి.

## 8. ప్యాకింగు, కస్టమ్స్

మొదటి పొర ఎప్పుడూ మెత్తటి గుడ్డ లేదా టిష్యూ కాగితం. బబుల్ ర్యాప్‌ను నేరుగా యాక్రిలిక్ రంగుకు తగిలిస్తే వేడికి బుడగల అచ్చు పడుతుంది. ఊడే భాగాలు తీసి విడిగా చుట్టండి. కుండ లోపల గుడ్డ వదులుగా పెట్టండి, కూరితే లోపలి నుంచి పగులుతుంది. డబ్బాలో డబ్బా పెట్టి, మధ్య అన్ని వైపులా నాలుగు వేళ్ల మందం మెత్తదనం ఉంచండి. పగిలేవి చేతి సామానులోకి, రాగి, తివాచీ చెక్‌ఇన్‌లోకి.

అమెరికాకు తిరిగొచ్చేటప్పుడు అన్నీ ప్రకటించండి. ఒక్కొక్కరికి సాధారణంగా 800 డాలర్ల వరకు సుంకం మినహాయింపు ఉంది. బెరడు ఉన్న చెక్క, గడ్డి బొమ్మలు, గింజల దండలు వ్యవసాయ తనిఖీలో ఆగొచ్చు. రశీదు, ఊరి పేరు చేతిలో ఉంటే పని తొందరగా తెములుతుంది.

## 9. ఇంట్లో

చెక్క బొమ్మ రాగానే అల్మారాలో పెట్టకండి. నెల రోజులు విడిగా, తెల్లకాగితం మీద ఉంచి పొడి రాలుతుందేమో చూడండి. రాలితే గాలి తీసిన రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. తీశాక సంచి విప్పకుండా ఒక రోజు వదిలేయండి, లేకపోతే చెమ్మ చెక్క మీదే పేరుకుంటుంది. చలికి రంగు పెళుసవుతుంది కాబట్టి ఆ రోజంతా తట్టకుండా చూసుకోండి.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అల్మారాను గోడకు ఆనించకండి, గాలి ఆడనివ్వండి. కాలిఫోర్నియాలో ఉంటే భూకంపాల కోసం మ్యూజియం మైనంతో అడుగు అతికించండి. విషారిక పూసల బొమ్మను టెక్సస్ ఎండాకాలంలో కారులో గంటసేపు వదిలినా మైనం మెత్తబడి పూసలు జారతాయి.

దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్షు. తడిగుడ్డ, స్పిరిట్, కొబ్బరినూనె ఏవీ వద్దు. తివాచీని మడవకండి, చుట్టండి.

బొమ్మల కొలువులో ఒకోత్లాన్ బొమ్మలు పెట్టేవాళ్లు పెరుగుతున్నారు, చక్కగా కలిసిపోతాయి కూడా. తర్వాత సర్దేటప్పుడు మాత్రం మన బొమ్మల్లా పాత పేపర్లలో చుట్టకండి. పూత లేని మట్టికి ఆ సిరా అంటుకుంటే వదలదు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

చెక్క బీట వారింది. వెంటనే పూడ్చకండి. చెక్క ఇంకా కదులుతూ ఉంటుంది. ఒక ఏడాది ఆగి, ఆగిపోయాక రంపపు పొట్టు, జిగురు కలిపి నింపండి. వీలైతే ఫొటో పంపి చేసినవాళ్లనే అడగండి, చాలామంది వాట్సాప్‌లో ఉంటారు.

నల్లకుండ మీద తెల్లటి మరకలు. నీళ్లు పోశారన్నమాట. ఖాళీ చేసి నీడలో వారాల పాటు ఆరనివ్వండి. పాలిష్ పూయకండి, మరక లోపలే ఉండిపోతుంది.

పూసలు రాలాయి. రాలినవన్నీ చిన్న కవరులో వేసి వస్తువు సంఖ్య రాయండి. కొద్దిగా తేనెమైనం వేలితో వేడెక్కించి, సూదితో ఎత్తి పెట్టండి. సూపర్ గ్లూ వాడితే పక్క వరస కూడా పాడవుతుంది.

తివాచీకి చిమ్మెట పట్టింది. తివాచీని కూడా పైన చెప్పిన ఫ్రీజర్ పద్ధతిలోనే ఉంచి, తర్వాత రెండు వైపులా వాక్యూమ్ చెయ్యండి. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చే ముందు సహజ రంగులని చెప్పండి.

సంతకం లేకుండా కొన్నారు, పేరు గుర్తులేదు. ఫోనులో ఆ రోజు ఫొటోల లొకేషన్ చూడండి. ఊరు, వీధి తెలిస్తే చాలాసార్లు ఇల్లు దొరుకుతుంది. ఊహించి పేరు మాత్రం రాయకండి. 'ఊరు తెలుసు, చెయ్యి తెలియదు' అని రాసి వదిలేయండి.

మట్టి వస్తువు పగిలింది. ముక్కలన్నీ, నలుసులతో సహా, ఏరి పెట్టండి. అంచులు ఒకదానితో ఒకటి రాపాడించి చూడకండి, అరిగితే మళ్లీ కుదరవు. తర్వాత విప్పడానికి వీలయ్యే పారలాయిడ్ బి-72 జిగురు వాడండి, మ్యూజియంవాళ్లు వాడేది అదే. అడుగు నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్క అతికిస్తూ, అది ఆరేదాకా ఇసుక నింపిన పళ్లెంలో నిలబెట్టి, ఆ తర్వాతే పై ముక్కకు వెళ్లండి.